గోపురం అంచు కౌల్: లెక్క సరిపోయినా తల దూరని ఒక అల్లిక కేసు

ఏళ్ల తరబడి స్వెట్టర్లు అల్లినవాళ్లు రెండు రంగుల అల్లిక మొదలుపెట్టగానే ఒకే రకమైన చిక్కులో పడటం, అంటే లెక్క సరిపోయినా గుడ్డ బిగిసిపోవడం, మా క్లాసులో తరచూ చూస్తుంటాను. కొత్తగా సూదులు పట్టినవాళ్ల కంటే చెయ్యి తిరిగినవాళ్లకే ఇది ఎక్కువ. పాలమూరులో నేను నడిపే సాయంత్రం క్లాసులో గత చలికాలం వచ్చిన ఒక కేసులో ఈ చిక్కు మొదటి నుంచి చివరి దాకా విడివిడిగా కనబడింది. ఏ దశలో ఏం అనుకుని ఏం చేశామో రాసి పెడితే అల్లేవాళ్లకూ నేర్పేవాళ్లకూ పనికొస్తుంది. ఆ కేసు తెచ్చిన ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, ఇంటి వివరాలు వదిలేశాను.

నేపథ్యం

ఆమెకు యాభై దాటాయి. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న అల్లిక. ఇంట్లో పిల్లలందరికీ స్వెట్టర్లు, మంకీ క్యాపులు, సాక్సులు ఆమే అల్లింది. చెయ్యి చాలా గట్టిది. ఆమె అల్లిన ముక్కను వెలుతురుకు పట్టి చూస్తే ఒక్క కుట్టు పెద్దది, ఒక్క కుట్టు చిన్నది ఉండదు. ఇప్పటిదాకా అల్లినవన్నీ ఒకే రంగువి, లేదంటే అడ్డచారలు. ఒకే వరుసలో రెండు రంగులు నడిపిన అనుభవం లేదు.

కూతురు చలి దేశంలో ఉంటుంది. క్రిస్మస్‌కు ఆ అమ్మాయికి మెడకు వేసుకునే కౌల్ పంపాలని ఆమె కోరిక. కౌల్ అంటే కొసలు లేని గుండ్రటి మఫ్లర్, తల మీదుగా వేసుకునేది. దాని మీద తన తల్లి గద్వాల చీర అంచులోని గోపురాలు రావాలి. క్రిస్మస్ కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ రంగులు. ఊరికి వచ్చి నవంబర్ చివర్లో తిరిగి వెళ్లే బంధువుల చేతికి ఇచ్చి పంపాలి. గడువు అదే.

చీర కొంగు నేల మీద పరిచి, గ్రాఫ్ కాగితం పక్కన పెట్టుకుని గోపురాన్ని ఆమే గీసింది. 12 గళ్ల వెడల్పు. అడుగున 11 ఎర్ర గళ్లు, ఆ పైన 9, 7, 5, 3, చివరికి శిఖరం దగ్గర 1. ఒక్కో మెట్టు రెండేసి వరుసలు. ముగ్గులు వేసే చెయ్యి కదా, గీత ఎక్కడా తప్పలేదు.

వచ్చిన చిక్కు

నా దగ్గరకు తెచ్చేసరికి కౌల్ సగం పైన అయిపోయింది. లెక్క మొత్తం కాగితం మీద రాసుకుంది. అక్రిలిక్ ఊలు, 8 నంబర్ సూది, అంటే 4 మిల్లీమీటర్లది. ముందుగా ఒకే రంగుతో చిన్న ముక్క అల్లి కొలిస్తే 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వచ్చాయి. 60 సెంటీమీటర్ల చుట్టుకొలత కావాలి కాబట్టి 120 కుట్లు. 12 కుట్ల గోపురాలు సరిగ్గా పది పడతాయి. రిబ్బుకు, అంటే అంచుల్లో సాగే పట్టీకి, రెండు సీదా కుట్లు, రెండు ఉల్టా కుట్లు, నాలుగుతో 120 భాగిస్తే మిగలదు. ఈ లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

కానీ అల్లిన ముక్క 48 సెంటీమీటర్లే వచ్చింది. కూతురి తల చుట్టుకొలత 56. ఆమె తన తలకే వేసి చూసుకుంటే నుదుటి దగ్గరే ఆగిపోయింది. పైగా గోపురాల పట్టీ ముడతలు పడి, పైకీ కిందకీ ఉన్న రిబ్బు బయటకు విచ్చుకుని ఉంది.

"లెక్క కరెక్టే ఉంది టీచర్, మరి గిట్ల ఎందుకయింది?" అని ఆమె ప్రశ్న.

ఇంకో రెండు సంగతులు కూడా కనబడ్డాయి. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే గోపురాలు కనబడటం లేదు, ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయి మొత్తం గోధుమ రంగు గుడ్డగా ఉంది. దగ్గరికొస్తే, ఒక పట్టీలో గోపురాలు ఉబ్బి స్పష్టంగా ఉన్నాయి, ఇంకో పట్టీలో అదే ఊలు, అదే బొమ్మ, అయినా సన్నగా వెనక్కి పోయినట్టున్నాయి.

కౌల్‌ను తిరగేసి చూద్దాం అన్నాను. ఆమెకు నచ్చలేదు. "ఉల్టా దిక్కు ఎవరు చూస్తరు టీచర్?" అంది. అక్కడే కారణం ఉంది.

వెనక పోగుల సంగతి

రెండు రంగుల అల్లికలో ఒక కుట్టుకు ఒక రంగే వాడతాం. వాడని రంగు పోగు ఆ కుట్ల వెనకాల అడ్డంగా నడిచి, తన వంతు వచ్చినప్పుడు ముందుకొస్తుంది. అలా వెనక నడిచే దాన్ని మా క్లాసులో వెనక పోగు అంటాం. కుట్టుకు సాగే గుణం ఉంటుంది, ఎందుకంటే అది మెలిక. వెనక పోగు మెలిక కాదు, సూటిగా పోయే దారం. అది సాగదు. కాబట్టి గుడ్డ ఎంత వరకు సాగాలో నిర్ణయించేది ముందున్న కుట్లు కావు, వెనకున్న ఈ పోగులు.

ఆమె కౌల్ వెనక ప్రతి పోగూ బిగిసి ఉంది. వేలు దూర్చబోతే దూరలేదు. రిబ్బును రెండు చేతులతో లాగితే 60 దాటి సాగింది. గోపురాల పట్టీని లాగితే 50 దగ్గర ఆగిపోయింది, లంగా నాడా లాగి కట్టినట్టు. సాగాల్సిన చోట సాగడం లేదంటే ఊలు తప్పూ కాదు, సూది తప్పూ కాదు, పోగు పొడవు చాలలేదన్నమాట.

నా మాట మీద నమ్మకం ఉన్నా, కళ్లతో చూస్తే తప్ప చెయ్యి మారదు. ఎలాగూ విప్పాల్సిన ముక్కే కాబట్టి చిన్న కత్తెర తీసుకుని గోపురం అడుగున ఉన్న పొడవాటి వెనక పోగును ఒకదాన్ని నడిమికి కత్తిరించాను. "అయ్యో, ఊలు కోసిండ్రా!" అని ఆమె చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఈలోపే ముందు వైపు ఆ పదకొండు కుట్లు మెల్లగా విచ్చుకున్నాయి. పక్క గోపురం ముడుచుకునే ఉంది. ఈ గోపురం చదునుగా పరుచుకుంది. రెండు గోపురాల మధ్య స్కేలు పెట్టి కొలిచాం. తేడా కంటికి తెలిసేంత ఉంది. ఆ తర్వాత ఉల్టా దిక్కు ఎవరు చూస్తారన్న మాట మళ్లీ రాలేదు.

పోగులు ఎందుకు బిగిశాయి? ఆమె అల్లుతుంటే పక్కన కూర్చుని చూశాను. రంగు మారే చోట మొదటి కుట్టు కాస్త వదులుగా కనబడుతుంది, చిన్న సందు వస్తుంది. ఆ సందు కనబడగానే ఆమె చూపుడు వేలు తనంతట తానే పోగును ఒక్క లాగు లాగుతుంది. ముందు వైపు వెంటనే నీటుగా అయిపోతుంది. ఆ లాగినంత పొడవూ వెనక పోగు నుంచి పోతుంది. ఇన్నేళ్లుగా అందరూ మెచ్చుకున్న గట్టి చెయ్యే ఇక్కడ అడ్డం వచ్చింది. దాన్ని తప్పు అని నేను ఆమెతో అనలేదు. ఒక రంగు అల్లికలో అది గుణమే.

బొమ్మ కూడా కొంత కారణం. గద్వాల చీర అంచులో రెండు రంగుల పేక పోగులు కలిసే చోట ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఎవరి దారిన అవి వెనక్కి తిరుగుతాయి. ఎర్ర పోగు ఎరుపున్నంత మేరే నడుస్తుంది. అందుకే అక్కడ గోపురం ఎంత వెడల్పున్నా నేతకు ఇబ్బంది లేదు. అల్లికలో గుండ్రంగా తిరిగేటప్పుడు రెండు పోగులూ చుట్టంతా తిరగాల్సిందే. స్కాట్లండ్ ఉత్తరాన షెట్లండ్ దీవుల్లోని ఫెయిర్ ఐల్ అల్లికలు చూడండి. ఒక వరుసలో రెండు రంగులకు మించవు, ఒకే రంగు కుట్లు వరసగా చాలా దూరం పోవు. ఆ బొమ్మలన్నీ సూదుల మీద పుట్టినవి. మన గోపురం మగ్గం మీద పుట్టింది. అడుగున 11 ఎర్ర కుట్ల వెనక రెండో రంగు అంత దూరం నడవాలి, శిఖరం దగ్గర 11 కుట్ల వెనక ఎరుపు నడవాలి. రెండు కొసల్లోనూ పొడవు పోగే.

చేసి చూసినవి, కుదరనివి

మొదట ఆమెకు తోచిన దారి కుట్లు పెంచడం. 120 బదులు 144 వేస్తే, ఇదే బిగువులో 57 సెంటీమీటర్ల పైన వస్తుంది, తల దూరుతుంది కదా అని. లెక్క నిజమే. నేను వద్దన్నాను. సాగని పట్టీ 57 ఉన్నా జుట్టు ముడి మీదుగా పట్టిపట్టి దిగుతుంది. ముడతలు మాత్రం అలాగే ఉంటాయి. పెద్ద సైజులో అదే లోపం మళ్లీ అల్లినట్టవుతుంది. పైగా కారణం తెలిశాక దాన్ని అలాగే ఉంచి కొలత మార్చడం నాకు ఇష్టం లేదు.

విప్పే ముందు పాత ముక్క మీద ఆవిరి పట్టి చూశాం. చాలామంది ఇదే అడుగుతారు కాబట్టి ఫలితం చెబుతాను. ఉన్నిని తడిపి, కావలసిన కొలతకు పరిచి ఆరబెడితే ఆరిన ఆకారంలోనే నిలబడుతుంది. అక్రిలిక్ ప్లాస్టిక్ పోగు, తడిపితే ఏమీ మారదు, వేడికి మారుతుంది. ఇస్త్రీపెట్టెను తాకించకుండా పైన పట్టి ఆవిరి ఇచ్చాం. రెండు సెంటీమీటర్లు సాగింది. కానీ కుట్లలో ఉండే స్ప్రింగు పోయి గుడ్డ జారుడుగా, మెత్తబడి వేలాడింది. అక్రిలిక్‌కు ఒకసారి ఇలా జరిగితే మళ్లీ వెనక్కి రాదు. రిబ్బు కూడా పట్టు వదిలేసింది. ఆ దారి మూసుకుంది.

తర్వాత 7 నంబర్ సూది, నాలుగున్నర మిల్లీమీటర్లది. ఈ నంబర్లలో అంకె తగ్గితే సూది లావు. రంగుల అల్లికకు సూది ఒక నంబర్ పెద్దది వాడమని పుస్తకాల్లో చెబుతారు, చాలామందికి అది సరిపోతుంది కూడా. ఈమె విషయంలో 120 కుట్లకు 50 సెంటీమీటర్లు వచ్చింది, అంతే. కుట్లు పెద్దవయ్యాయి, పోగుల పొడవు మారలేదు, ఎందుకంటే పోగును కొలిచేది సూది కాదు, లాగే వేలు. కుట్లు పెద్దవై, పోగు చిన్నదిగానే ఉండేసరికి ముడత ఇంకా లోతుగా పడింది.

వదులుగా అల్లండి అని చెప్పి చూడటం కూడా ఇందులోదే. చెప్పినంతసేపు ఆమె వదులుగానే అల్లింది. తీరా చూస్తే వదులైంది కుట్లు. వెనక పోగు మళ్లీ బిగువే. ఒక ముక్కలో రెండు రకాల బిగువులుంటాయని, ఒకటి కుట్టుది, రెండోది పోగుదని ఆమె చేతికి ఇంకా తెలియదు. వదులుగా అన్న మాట విన్నప్పుడల్లా ఆమె తనకు తెలిసిన బిగువునే సడలించింది. ఆమెకు అప్పటికి టెన్షన్ కూడా మొదలైంది. గడువు దగ్గర పడుతోంది, ఇన్నేళ్లు వచ్చిన పని చేతకాకుండా పోయిందేమోనని. మాటతో చెప్పడం ఆపేయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. పద్ధతే పోగును పొడవుగా ఉంచేలా చూడాలి.

ఈ మధ్యలో గొంగడి ఉన్ని ప్రయత్నం జరిగింది. అక్రిలిక్ వదిలేసి ఉన్ని తీసుకుందామని నేను అనగానే, మన దగ్గరి ఉన్నే వాడదామని ఆమె అంది. పాలమూరు కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నిని చేత్తో వడికి గొంగళ్లు నేస్తారు. చింతగింజల గంజి పెట్టిన గొంగడి వానకూ చలికీ ఆగుతుంది. ఆ నల్లటి ఉన్ని రంగంటే నాకు చాలా ఇష్టం. తెలిసినవాళ్ల ద్వారా కొంచెం వడికిన ఉన్ని తెచ్చుకుని అరచేయంత ముక్క అల్లాం. వెనక పోగులు జారకుండా అద్భుతంగా పట్టుకున్నాయి. అయితే మెడకు ఎలా ఉంటుందో తెలియాలి. ఆ ముక్కను మెడ దగ్గర జాకెట్టులో పెట్టుకుని సాయంత్రం పనులు చేసుకోమన్నాను. రాత్రికే మెడ ఎర్రగా అయి దురద పెట్టిందని ఫోన్ చేసింది. ఉన్ని పోగు మందం 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ప్రాంతం దాటితే దాని కొన చర్మాన్ని గుచ్చుతుంది. గొంగడి ఉన్ని ముతక రకం, భుజాన కప్పుకోవడానికి, కింద పరుచుకోవడానికి సరైనది. మెడను ఆనుకుని ఉండే కౌల్‌కు మెరినో గొర్రెల సన్నటి ఉన్ని కావాలి. ఏ ఊలైనా అరచేతితో ముట్టి నిర్ణయించవద్దని నేను చెప్పేది ఇందుకే. అరచేతి చర్మం మొద్దు, మెడ చెప్పేదే నిజం.

కుదిరినది

ఊలు ముందు తేల్చుకున్నాం. మెషీన్‌లో ఉతకడానికి వీలైన మెరినో ఉన్ని ఆన్‌లైన్‌లో తెప్పించాం. మామూలు ఉన్ని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని నేర్చుకునేవాళ్లకు సాయపడతాయి. మెషీన్ రకం నున్నగా ఉండి జారుతుంది. అయినా అదే ఎంచుకున్నాను, ఎందుకంటే దూరాన ఉద్యోగం చేసుకునే అమ్మాయి కౌల్‌ను చేత్తో ఉతుకుతుందని అనుకోలేం. మామూలు ఉన్ని ఒక్కసారి వేడి నీళ్ల మెషీన్‌లో పడితే కుంచించుకుపోయి అట్టకడుతుంది.

రంగులకు ఫోన్ చాలు. ఊలు ఉండలు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చాం. ఆమె ఎంచిన ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగులోకి వచ్చేశాయి. రంగులు వేరైనా వాటి ముదురుదనం ఒకటే, అందుకే దూరం నుంచి కలిసిపోయాయి. మీగడ రంగు ఉండ పక్కన పెడితే ఎరుపు విడిగా నిలబడింది. మీగడ రంగు నేల, ఎర్ర గోపురాలు, ఆకుపచ్చ రిబ్బు అని ఒప్పుకున్నాం. ఆకుపచ్చను పూర్తిగా తీసేయమంటే ఆమె ఒప్పుకునేది కాదు, తీసేయాల్సిన అవసరమూ లేదు. ఎరుపు పక్కనే ఒకే వరుసలో రాకుండా ఉంటే చాలు.

బొమ్మ మార్చడం మీద ఇద్దరం ఎక్కువసేపు కూర్చున్నాం. పొడవు పోగును వెనక మధ్యలో ఒకసారి ఇంకో పోగుతో చుట్టి పట్టించవచ్చు. 11 కుట్లకు రెండు చోట్ల పట్టించాలి. మీగడ రంగు వెనక ఎర్ర పోగును చుట్టిన చోట సందులోంచి ఎరుపు చుక్క ముందుకు తొంగిచూస్తుంది. పైగా మెళకువ ఇంకా రాని చేతికి అదనపు పని. అందుకని ఆ చుక్క ఎలాగూ వస్తుందంటే దాన్ని బొమ్మలోనే పెడదాం అన్నాను. అడుగు మెట్టులో 11 ఎరుపుల మధ్య ఒక మీగడ కుట్టు, అంటే 5, 1, 5. దాని పైన 9 ఎరుపుల మధ్య అలాగే, 4, 1, 4. కాగితం మీద చెరిపి గీయగానే ఆమె నవ్వింది, గుడికి తలుపు వచ్చిందని. పైన శిఖరాల మధ్య మీగడ రంగు ఖాళీకి ఆమే దారి చెప్పింది. శిఖరం కుట్టు వచ్చే చుట్లలో ఖాళీ మధ్యన ఒక ఎర్ర కుట్టు, దాని కింది మెట్టులో మూడు, ఇంకా కింది మెట్టులో మళ్లీ ఒకటి. నిలువుగా సాగిన చిన్న నక్షత్రం అయింది. క్రిస్మస్‌కు ఇంటి ముందు కట్టే నక్షత్రం గోపురాల మధ్యకు వచ్చింది. ఇప్పుడు బొమ్మంతటిలో ఐదు కుట్లకు మించిన వెనక పోగు 7 ఎరుపుల మెట్టులో మాత్రమే ఉంది, అక్కడ నడిమిన ఒక్కసారి పట్టిస్తే సరిపోతుంది.

ఇక చెయ్యి. రెండు మార్పులు చేశాం.

ఒకటి, ట్యూబును, అంటే గుండ్రంగా వచ్చే అల్లికను, తిరగేసి అల్లడం. మామూలుగా గుండ్రంగా అల్లేటప్పుడు ముందు వైపు బయటకు, వెనక పోగులు లోపలికి ఉంటాయి. తిరగేస్తే ముందు వైపు ట్యూబు లోపలికి పోతుంది, పోగులు బయటి నుంచి చుట్టు తిరుగుతాయి. సూదికి మన వైపు కాకుండా అవతలి అంచున అల్లుతాం, కుట్టు మాత్రం మామూలు సీదానే, కళ్లకు కనబడేదీ ముందు వైపే. లోపలి చుట్టు కంటే బయటి చుట్టు ఎప్పుడూ కాస్త పెద్దది కాబట్టి పోగుకు కొంచెం అదనపు పొడవు దానంతట అదే వస్తుంది. ముఖ్యంగా వృత్తం వంపు దగ్గర పోగు అడ్డదారిన పోయే వీలు ఉండదు.

రెండోది, రంగు మార్చే ముందు కుడి సూది మీద అప్పుడే అల్లిన కుట్లను బొటనవేలితో వెనక్కి జరిపి పూర్తి వెడల్పుకు పరచడం. పరిచాకే కొత్త పోగును తేవాలి. అప్పుడు పోగు ఆ వెడల్పుకు సరిపడా పొడవుతోనే వస్తుంది. ఆమె వేలు లాగే అలవాటు మానలేదు. కానీ లాగడానికి ముందు బొటనవేలికి పని ఇచ్చాం కాబట్టి, లాగినా పోగు కుట్ల వెడల్పు కంటే చిన్నది కాలేదు. సందు కనబడితే ఏం చేయాలని అడిగింది. అలాగే వదిలేయమన్నాను. ఉతికి ఆరేశాక పక్క కుట్లు సర్దుకుని ఆ సందు నిండిపోతుంది. స్యాంపుల్ ముక్క ఉతికి చూపించాకే ఆమెకు నమ్మకం కలిగింది.

గోపురాలు ఒక చోట ఉబ్బి, ఒక చోట అణగడానికి కారణం కూడా వెనకే ఉంది. రెండు పోగుల్లో కింది నుంచి వచ్చే పోగు కుట్లు కొంచెం పెద్దవై ముందుకు కనబడతాయి, పై నుంచి వచ్చే పోగు కుట్లు వెనక్కి తగ్గుతాయి. ఆమె ఒక్కో రంగునూ వదిలేసి, మళ్లీ తీసుకుంటూ అల్లడంతో ఒక్కోసారి ఒక్కోటి కిందికి వచ్చింది. ఉండలు కూడా మెలికలు పడి జడ అల్లుకుపోయేవి. ఎర్ర పోగు ఎడమ చేతి వేలికి, మీగడ పోగు కుడి చేతి వేలికి ఇచ్చాను. ఎడమ చేతిలోది ఎప్పుడూ కిందనే నడుస్తుంది. ఎర్ర ఉండ ఎడమ పక్కన, మీగడ ఉండ కుడి పక్కన, చివరి దాకా మారదు. ఎడమ చేత్తో పోగు వేయడం ఆమెకు మొదట్లో బాగా ఇబ్బందైంది. మిగిలిన అక్రిలిక్‌తో బొమ్మ లేకుండా ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు అని అల్లుతూ చెయ్యి కుదుర్చుకుంది.

లెక్క కోసం స్యాంపుల్ ముక్కను ఈసారి అసలు పని జరిగే తీరులోనే అల్లాం. రెండు రంగులతో, గుండ్రటి సూదితో (రెండు కొసల మధ్య తీగ ఉండేది), ప్రతి వరుసా కుడి నుంచి ఎడమకు సీదాగానే. వరుస చివర తిప్పకుండా, కుట్లను సూది మొదటి కొసకు జరిపి, పోగులను వెనక వదులుగా పొడవుగా వదిలి మళ్లీ మొదలుపెట్టడం. ఒకే రంగుతో వచ్చే సైజు వేరు, రెండు రంగులతో వచ్చేది వేరు. మొదటి కౌల్‌లో పోగులు సరిగ్గా ఉన్నా, రంగుల అల్లిక 10 సెంటీమీటర్లకు 22 కుట్ల దగ్గరకు వచ్చేదని నా అంచనా, అంటే 120 కుట్లకు 54 పైచిలుకు. తల దూరినా బిగువుగానే ఉండేది. అంటే అందులో రెండు లోపాలు ఒకదాని వెనక ఒకటి దాగి ఉన్నాయి. కొత్త ఉన్నితో 4 మిల్లీమీటర్ల సూది మీద ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలిస్తే 24 కుట్లు వచ్చాయి. ఉతకక ముందు 25. మెషీన్ రకం ఉన్ని తడిస్తే కాస్త పెరుగుతుంది, అందుకే ఉతకని కొలత నమ్మకూడదు. 60 సెంటీమీటర్లకు 144 కుట్లు, పన్నెండు గోపురాలు. మొదట వద్దన్న అంకె దగ్గరికే వచ్చాం, కానీ ఈసారి గుడ్డ సాగుతుంది.

వరుసలు 10 సెంటీమీటర్లకు 27. రంగుల అల్లికలో కుట్టు వెడల్పూ ఎత్తూ దగ్గర దగ్గరగా వస్తాయి కాబట్టి గ్రాఫ్ కాగితం మీద గీసిన గోపురం పెద్దగా అణగలేదు. ఒకే రంగు అల్లికలో అదే బొమ్మ కాస్త పొట్టిగా వచ్చేది. చుట్టు మొదలయ్యే చోటును రెండు గోపురాల మధ్యనున్న ఒక్క మీగడ కుట్టు దగ్గర పెట్టాం. గుండ్రటి అల్లిక మెట్టుమెట్టుగా పైకెక్కుతుంది కదా, ఆ ఒక్క వరుస తేడా అక్కడ పడితే గుడి విరిగినట్టు ఉండదు. మెడ వెనక్కి వేసుకుంటే కనబడదు.

పని జరుగుతున్నంత కాలం ఒకే నియమం పెట్టాను. రెండు చుట్లకు ఒకసారి తిరిగిన పోగుల కింద చూపుడు వేలు పెట్టి చూడాలి. వేలు వేలాడేంత వదులు వద్దు, దూరనంత బిగువు వద్దు. బిగిసిన పోగు కనబడితే అక్కడి దాకా విప్పాలి. మొదట్లో రెండు మూడు చోట్ల విప్పాల్సి వచ్చింది. రెండో వరుస గోపురాలు వచ్చేసరికి విప్పడం ఆగిపోయింది.

అయ్యాక గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తువ్వాలులో చుట్టి అదిమి, చాప మీద పరిచి నీడలో ఆరబెట్టాం. మన దగ్గర నవంబర్ గాలికి రాత్రి గడిచేసరికి ఆరిపోయింది. చుట్టుకొలత 60 సెంటీమీటర్లు, లాగితే 66 దాకా సాగింది. రంగు మారే చోట ఆమెను అంత బాధపెట్టిన సందులు ఎక్కడున్నాయో వెతికినా దొరకలేదు. గడువు లోపే బంధువుల చేతికి ఇచ్చి పంపింది.

క్లాసులో మార్చినవి

ఈ కేసు తర్వాత రంగుల అల్లిక నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదటి పాఠం తిరగేసి అల్లడంతోనే మొదలుపెడుతున్నాను. వదులుగా అల్లండి అన్న మాట పూర్తిగా మానేశాను. బొటనవేలితో పరవండి, వేలు పెట్టి చూడండి అంటున్నాను. చెయ్యి చేయగలిగిన పని చెబితే చేస్తుంది. తన బొమ్మ తనే గీసుకుని తెచ్చేవాళ్లు గ్రాఫ్‌లో ఐదుకు మించి ఒకే రంగు ఉన్న ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టి, అక్కడ పోగును పట్టించాలా, బొమ్మ మార్చాలా అన్నది సూది పట్టకముందే తేల్చుకోవాలి. నారాయణపేట, గద్వాల అంచులే కాదు, పోచంపల్లి బొమ్మలు తెచ్చేవాళ్లకూ ఇదే. మగ్గం మీదివి కాబట్టి పెద్ద పెద్ద రంగు గడులు ఉంటాయి. కౌల్‌కు మెడ కొలత కాకుండా జుట్టు ముడితో సహా తల కొలత అడుగుతున్నాను.

ఒక సంగతి ఇంకా తేలలేదు. కౌల్ బాగుందని, ఆఫీసులో అందరూ అడిగారని కూతురు చెప్పింది. తల మీదుగా వేసుకునేటప్పుడు చెవి కమ్మ వెనక పోగుకు తట్టుకుంటోందని కూడా చెప్పింది. ఐదు కుట్ల పోగైనా కమ్మ కొక్కెం దూరడానికి చాలినంత ఉంటుంది. లోపల మెత్తటి గుడ్డ వేద్దామా అని తల్లి నన్ను అడిగింది. సూటిగా కత్తిరించిన గుడ్డ సాగదు, మనం కష్టపడి తెచ్చిన సాగుడును అది మళ్లీ కట్టేస్తుంది. ఐమూలగా కత్తిరించిన గుడ్డ కొంత సాగుతుంది కానీ, కౌల్ బరువు పెరిగి కిందికి వేలాడుతుంది. అందుకని వచ్చే చలికాలానికి అనుకుంటున్నది వేరే తీరు. రిబ్బు లేకుండా రెట్టింపు పొడవు ట్యూబు అల్లి, లోపలికి మడిచి, మొదలూ చివరా కుట్టు కుట్టుకు కలిపేయడం. అప్పుడు పోగులన్నీ రెండు పొరల మధ్యకు పోతాయి, చర్మానికీ కమ్మకూ ముందు వైపే తగులుతుంది. లోపలి పొరకు గోపురాలు అవసరం లేదు. కానీ ఒకే రంగుతో అల్లితే ఆ పొర వెడల్పుగా వస్తుంది, కాబట్టి దానికి సూది ఒకటో రెండో నంబర్లు చిన్నది పట్టాలి. ఎంత చిన్నదో స్యాంపుల్ ముక్క ఉతికి కొలిచాకే తెలుస్తుంది. ఆమె ఇప్పుడు ఆ ముక్కే అల్లుతోంది.